వెనక హారన్ లేని దారి

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు హైవే మీద ఓసారి సైకిల్ తొక్కి చూడండి. మీ వేగం మీ చేతిలో ఉండదు. వెనక లారీవాడు హారన్ కొట్టగానే కాళ్ళు వాటంతటవే గబగబా తిరుగుతాయి. గ్రానైట్ దిమ్మె వేసుకున్న ట్రాలీ పక్కనుంచి పోతే ఆ గాలి విసురుకు హ్యాండిల్ ఊగిపోతుంది. తెల్లగీతకు అవతల జానెడు చోటులో పది కిలోమీటర్లు నెట్టుకొచ్చి దిగి చూసుకుంటే తొడలు బాగానే ఉంటాయి, భుజాలు పీకుతుంటాయి. బిక్కుబిక్కుమంటూ అంతసేపూ బిగబట్టిన భుజాలు మరి.

అదే సైకిల్‌ని నాగార్జునసాగర్ కుడి కాలువ కట్ట మీదికి ఎక్కించండి. ఒక పక్క నీళ్ళు. ఇంకో పక్క కిందుగా పత్తి చేలు, మిరప తోటలు. ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. అయినా మొదటి పావుగంట మీరు హైవే మీద ఉన్నట్టే తొక్కుతారు. తల వంచుకుని, పళ్ళు బిగించి, ఎవరో తరుముతున్నట్టు. ఆ తర్వాత ఎందుకో అనుమానమొచ్చి వెనక్కి తిరిగి చూస్తారు. ఖాళీ కట్ట. కాళ్ళు నెమ్మదిస్తాయి. ఇంకాస్త నెమ్మదిస్తాయి. చివరికి ఒకచోట కుదురుకుంటాయి. ఆగాలనిపించదు, అలుపూ రాదు. అది మీ వేగం. నా వేగం గంటకు 13 కిలోమీటర్లని నాకు 44వ ఏట తెలిసింది.

అప్పటిదాకా ఎవరెవరి వేగాలతోనో బతికాను. ఇంటర్‌లో పక్క బెంచీవాడి మార్కులు, ఉద్యోగంలో తోడల్లుడి ప్రమోషన్, ఇల్లు కట్టేటప్పుడు ఎదురింటివాళ్ళ రెండో అంతస్తు. ఎవరో ఒకరు వెనకనుంచి హారన్ కొడుతూనే ఉన్నారు, నేను తొక్కుతూనే ఉన్నాను. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నేనూ చదివాను. సగం పుస్తకాలు వేగం పెంచమంటాయి, మిగతా సగం తగ్గించమంటాయి. అసలు ఇప్పుడెంతుందో కనుక్కోమన్నది మాత్రం నాకు కనపడలేదు. కనుక్కోవాలంటే హారన్ వినపడని చోటు కావాలి. మన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటి చోట్లు కొల్లలు. బోర్డులు పెట్టలేదు, అంతే.

ఫ్రాన్స్ దక్షిణాన కెనాల్ డ్యూ మిడీ అని ఒక కాలువ ఉంది. 240 కిలోమీటర్లు. పియేర్ పాల్ రికే అనే ఆయన 1660లలో పూనుకుని తవ్వించాడు. 1681లో కాలువ తెరిచేనాటికి ఆయన లేడు, ముందు ఏడే పోయాడు. పడవల్ని లాగుతూ గుర్రాలు నడిచిన గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు పోతాయి, పక్కన ద్రాక్షతోటలు. ఆస్ట్రియాలో డాన్యూబ్ లోయలోనూ, జర్మనీలో మోజెల్ ఒడ్డునా ఇదే సరంజామా: ఏరు, ద్రాక్ష, సైకిలు. జనం విమానాలెక్కి పోయి మరీ తొక్కి వస్తారు. తాహతుంటే మీరూ వెళ్ళండి, ఎవరు వద్దన్నారు? కానీ నరసరావుపేటలో సోఫాలో కూర్చుని ఆ ఫోటోలు చూసి నిట్టూర్చేవాళ్ళంటే నాకు నవ్వొస్తుంది. మన నేల మీద 203 కిలోమీటర్ల కాలువ పారుతోంది. ద్రాక్ష లేదు. మిరప ఉంది.

సాగర్ కుడి కాలువకు కాగితాల మీద పేరు జవహర్ కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. తల దగ్గర 11,000 క్యూసెక్కులు పారేలా తవ్వారు. ఆయకట్టు 11 లక్షల ఎకరాల పైమాటే. దాన్నుంచి అద్దంకి బ్రాంచి, దర్శి బ్రాంచి, ఒంగోలు బ్రాంచి. వాటి నుంచి మేజర్లు, మైనర్లు. చివరికి చేలో బోదెలు. పెద్ద కాలువల కట్ట మీద జీపు పట్టేంత బాట ఉంటుంది. ఇంజనీర్లు, కాలువను కనిపెట్టుకుని ఉండే లస్కర్లు తిరిగి చూసుకోవడానికి వేసిన బాట అది. రైతుల ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు అప్పుడప్పుడూ వస్తాయి. గొర్రెలమంద ఎదురైతే కాలు కింద పెట్టి నిలబడాల్సిందే. ట్రాఫిక్ లేదంటే మనుషులే ఉండరనుకోకండి. ఇక్కడ ఎదురైన మనిషి "ఏ ఊరు మనది?" అని అడక్కుండా పోడు.

ఈ బాటకు ఇంకో సుగుణం ఉంది. కాలువలో నీళ్ళు ఏ మోటారూ లేకుండా వాటికవే పారాలి. అందుకని కిలోమీటరుకు జానెడో మూరెడో మించి వాలు ఇవ్వరు. గుట్ట అడ్డమొస్తే కాలువ దాన్ని ఎక్కదు, చుట్టూ తిరిగి పోతుంది. వాగు అడ్డమొస్తే దాన్ని తన కిందనుంచి పోనిస్తుంది. ఆ కట్టడాన్ని ఇక్కడ యూటీ అంటారు. కాబట్టి కట్ట మీద ఎక్కుడు, దిగుడు లేనట్టే. గేర్లున్న ముప్పై వేల సైకిల్ అక్కర్లేదు, మీ నాన్నగారి పాత హీరోకు గాలి కొట్టించి తెచ్చినా నడుస్తుంది. కాకపోతే వంకరలెక్కువ. రోడ్డున ఇరవై కిలోమీటర్లున్న ఊరు కట్ట మీద ముప్పై అయితే ఆశ్చర్యపోకండి. చుట్టుదారిన పోయేవాణ్ణి మనం వెనకబడ్డాడంటాం. కాలువకు ఆ బెంగ లేదు. అద్దంకి చేను తడిసిందా లేదా, అంతవరకే దాని లెక్క.

సరే, మీ వేగం పట్టుకోవడం ఎలా? మొదటి రెండు ఆదివారాలు ఫోన్‌లో వేగం చూపించే యాప్ తెరవొద్దు. ఆ అంకె కనపడితే దాంతో పోటీ పెట్టుకుంటారు, మళ్ళీ హైవే ఎక్కినట్టే. పక్కన తోడుంటే మాట్లాడుతూ తొక్కండి. ఒక్కరే అయితే వచ్చిన పాటేదో పైకే పాడుకోండి, నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. చరణం మధ్యలో ఊపిరి తెగితే ఎక్కువ తొక్కుతున్నట్టు. పాట సాగిపోతుంటే సరిపోయినట్టు. మూడో ఆదివారం ఒక తూము దగ్గర టైం చూసుకుని, పది కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూసుకోండి. వచ్చిన అంకెను ఇంటికొచ్చి రాసి పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి. చెప్పారంటే ఎవరో ఒకరు "అంతేనా?" అంటారు.

మా మేనల్లుడు నీట్‌కు రెండోసారి చదువుతున్నప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్ళాను. మొదటి ఐదు కిలోమీటర్లు కట్ట అదిరేలా తొక్కాడు. ఎనిమిదో కిలోమీటరుకు తుమ్మచెట్టు కింద కూలబడ్డాడు. "మావయ్యా, పరీక్షలో కూడా ఇంతే. మొదటి యాభై ప్రశ్నలు పరుగులు పెట్టి చేస్తా, తర్వాత కళ్ళు బైర్లు కమ్ముతాయి" అన్నాడు వాడంతట వాడే. నేనేమీ అనలేదు. వచ్చే వారం వాడు నా వెనక తొక్కాడు, ఆ పై వారం పక్కన. ర్యాంకు సంగతి అడుగుతారేమో, వచ్చింది వచ్చింది. చదువుకునే గంటలు తగ్గించి నిద్ర పెంచుకున్నాడు, అది మాత్రం చూశాను. వాళ్ళమ్మ నన్ను తిట్టింది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కట్ట మీద పోతుంటే కల్లం కంటికి కనపడకముందే ముక్కుకు తెలుస్తుంది. గాలి ఇటు తిరిగిందంటే దగ్గు. నేల మీద పట్టాలు పరిచి ఎండబోసిన కాయ, గట్టు పక్కన కుప్ప, కుప్ప చుట్టూ ఆడవాళ్ళు. తాలు ఏరుతున్నారు. తెల్లబారిన కాయ, మచ్చ పడిన కాయ తాలు, నిగనిగలాడేది మంచికాయ. నేను నీళ్ళడగడానికి దిగాను. అరవై దాటిన ఒక పెద్దమ్మ, ఆమె పక్కన పాతికేళ్ళ అమ్మాయి. అమ్మాయి చేతులు మిషన్‌లా ఆడుతున్నాయి. పెద్దమ్మ చేతులు నిదానంగా కదులుతున్నాయి, కానీ ఆగవు. మాట్లాడేటప్పుడు ఆగవు, చీరకొంగుతో మూతి తుడుచుకోవడానికి కూడా ఒక చెయ్యే పైకి లేస్తుంది, రెండోది ఏరుతూనే ఉంటుంది. వేళ్ళ చివర్లు పచ్చగా, ఎర్రగా మరకలు కట్టి ఉన్నాయి.

"ఈ కుప్ప ఎప్పటికయిద్ది పెద్దమ్మా?"

"అయినప్పుడు అయిద్ది. తొందరపడితే తాలు మంచిదాంట్లో పోద్ది. యార్డులో టిక్కీ కోసి చూడంగానే కనపడిద్ది అయ్యా. అప్పుడు మొత్తానికీ తాలు రేటే."

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. అక్కడ బేరగాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, విరిచి, ఒక్క క్షణంలో ధర తేల్చేస్తాడు. రకం తేజ అయినా, 334 అయినా, బాడిగ అయినా ఆ గుప్పెడే సాక్ష్యం. దాని వెనక పెద్దమ్మ నిదానం ఉంటుంది. నేను నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని లేచేసరికి అమ్మాయి నడుం పట్టుకుని వేపచెట్టు నీడకు పోయింది. పెద్దమ్మ ముందు కుప్ప కాస్త తరిగింది. ఎవరిది ఎక్కువ అయిందో నేను కొలవలేదు. సాయంత్రానికి మళ్ళీ అదే కట్ట మీద వస్తుంటే ఇద్దరూ అక్కడే ఉన్నారు, పెద్దమ్మ అదే లయలో.

రేగడి గురించి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. పత్తి పండేది నల్లరేగడిలో. ఎండితే అరచెయ్యి దూరేంత బీటలిస్తుంది, తడిస్తే బంకమన్నే. ఒక నవంబరులో తుపాను ముసురు పట్టి వదిలిన మర్నాడు నేను ఒక మైనర్ కట్ట దిగి డొంక దారి పట్టాను. ఎండ కాసింది కదా, ఆరి ఉంటుందనుకున్నాను. ఇరవై గజాలకు మట్టి టైరుకు పట్టుకుంది. నలభై గజాలకు మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. తోద్దామంటే కదలదు, ఎత్తుదామంటే సైకిల్ రెండింతల బరువెక్కింది. చెప్పులకు చెరో రెండు కిలోల రేగడి. పుల్లతో గీకడం, పదడుగులు తొయ్యడం, మళ్ళీ గీకడం. నేను తిట్టుకుంటూ గీకుతుంటే పత్తి తీతకు పోతున్న ఒక రైతు, ఆయనా చెప్పులు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో నడుస్తున్నవాడు, నిలబడి చూశాడు.

"ఏందబ్బాయ్, దాంతో కుస్తీ పడతన్నావు? కాసేపు ఎండలో పెట్టు. ఆరితే అదే రాలిపోద్ది."

గట్టు మీద గడ్డిలో సైకిల్ పడుకోబెట్టి గంటన్నర కూర్చున్నాను. ఆయన పత్తి తీస్తూ, ఆ ఏడు కాయ పగిలే వేళకు వాన పడి పత్తి నల్లబడిన సంగతి చెప్పుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నానికి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడివచ్చింది. గీకిన చోట మాత్రం రిమ్ముకు అంటుకుపోయి అలాగే ఉంది. ఆ రోజు నుంచి వాన కురిసిన మూడు రోజుల దాకా రేగడి డొంకల జోలికి పోను. మీరూ పోకండి. ఆఫీసులో ఎవరి మీదైనా కోపమొచ్చి ఉత్తరం రాయాలనిపించినప్పుడు కూడా నాకు ఆ సైకిలే గుర్తొస్తుంది. తడిగా ఉన్నప్పుడు ముట్టుకోను.

ఇక పంక్చరు. ఈ నేల మీద సైకిల్‌కు అసలు శత్రువు పల్లేరు కాయ. నేలకు అంటుకుని పాకే తీగ, పసుపుపచ్చని చిన్న పూలు, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. దాని కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. కట్ట అంచున ఆపి, సైకిల్ గడ్డిలోకి తోశారో, తిరిగి ఎక్కేసరికి టైరుకు నాలుగు గుచ్చుకుని ఉంటాయి. ఆ పైన సర్కారు తుమ్మ ముళ్ళు. కాబట్టి ఒక స్పేర్ ట్యూబు, పంపు, ప్యాచీలు, సొల్యూషన్ ట్యూబు వెంట ఉండాలి, వెయ్యడం మీకు రావాలి. కట్ట మీద షాపు ఉండదు.

వేసే పద్ధతి చెప్తాను, ఇందులో జనం ఎక్కడ తప్పుతారో కూడా చెప్తాను. ట్యూబు తీసి, కాస్త గాలి కొట్టి, బోదె నీళ్ళలో ముంచండి. బుడగలొచ్చిన చోట గుర్తు పెట్టుకోండి. తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దండి. సొల్యూషన్ పల్చగా రాయండి. ఇప్పుడు ఆగాలి. అందరూ తప్పేది ఇక్కడే. తడిగా ఉండగానే ప్యాచి అంటించి నొక్కుతారు, ఐదు కిలోమీటర్లకు ఊడుతుంది. మా ఊళ్ళో సైకిల్ షాపాయన సొల్యూషన్ రాశాక బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యాక ప్యాచి వేసేవాడు. చిన్నప్పుడు ఆయన బద్ధకస్తుడనుకున్నాను. బీడీ మానేసినవాళ్ళు మూడు నాలుగు నిమిషాలు లెక్కపెట్టుకోండి. చివరగా టైరు లోపలి వైపు వేళ్ళతో కాదు, గుడ్డతో తడిమి ముల్లు ఇంకా ఉందేమో చూడండి. ముల్లు తియ్యకుండా ట్యూబు మార్చినవాణ్ణి నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూస్తుంటాను.

నీళ్ళు ఇంటి దగ్గరే నింపుకోండి. కాలువ నీళ్ళు తాగొద్దు. చేలో మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తుందో చూసి, అయ్యేదాకా దూరంగా ఆగండి. మిరపకు, పత్తికి కొట్టే మందులు గొప్ప ఘాటువి. అన్నిటికన్నా ముఖ్యం, కాలువలోకి దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనపడుతుంది గానీ లోపల వడి ఎక్కువ. సిమెంటు లైనింగు వేసిన చోట పాకుడు పట్టి కాలు నిలవదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత వచ్చు కదా అని ధీమా పడొద్దు. ముఖం కడుక్కోవాలంటే మెట్లున్న రేవు దగ్గర, గట్టు మీద కూర్చుని చెంబుతో.

ఇప్పుడు అసలు కష్టం. రేగడి కాదు, పల్లేరు కాదు, మనవాళ్ళు. "ఏంటండీ సైకిలు? బండి రిపేరా?" ఊళ్ళో ముగ్గురు అడుగుతారు. నాలుగోవాడు అడగడు, పెట్రోలు ధర మీద జాలిగా ఒక మాట అంటాడు. మన దగ్గర సైకిల్ అంటే బండి కొనలేనివాడి వాహనం. మా తరం పొడవాటి సైకిల్ కడ్డీ కింద కాలు దూర్చి దొంగతొక్కుడు నేర్చుకుని, అద్దె సైకిల్ గంట కోసం అర్ధరూపాయి దాచుకుని పెరిగింది. ఉద్యోగం రాగానే దాన్ని వదిలించుకోవడమే ఎదుగుదల అనుకున్నాం. అలాంటప్పుడు యాభైకి దగ్గరపడ్డ మనిషి టోపీ పెట్టుకుని సైకిలెక్కితే నవ్వరా? నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళకు జవాబు చెప్పడానికి గుండె జబ్బులు, షుగరు, డాక్టరుగారు చెప్పారు అని కథలల్లకండి. "ఊరికే, బాగుంటుంది" అనండి. ఈ రెండు మాటలు తడబడకుండా అనడానికి నాకు ఏడాది పట్టింది. కారణం చెప్పుకోకుండా ఒక పని చెయ్యగలిగితే, పిల్ల పెళ్ళికి ఎంత ఖర్చు పెట్టాలన్న దగ్గర కూడా ఆ గొంతు కాస్త పనికొస్తుంది.

ధైర్యం కావాలంటే మన ప్రకాశం మనిషే ఉన్నాడు. ఎం. ఆదినారాయణ గారు, ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసరుగా పనిచేశారు. బస్సులూ రైళ్ళూ ఉండగానే దేశాన్ని కాలినడకన చుట్టారు, 'భ్రమణకాంక్ష' రాశారు. ఇంకాస్త వెనక్కి పోతే, 1923లో బొంబాయి నుంచి పార్సీ కుర్రాళ్ళు ఆరుగురు సైకిళ్ళ మీద భూమి చుట్టిరావడానికి బయల్దేరారు. 1928లో ముగ్గురు పూర్తి చేసి తిరిగొచ్చారు. మిగతా ముగ్గురూ ఎక్కడెక్కడో ఆగిపోయారు. ఆగిపోయినవాళ్ళను తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. ఇంటి ముందు రోడ్డు దాటనివాళ్ళం.

కాలువ కట్టలతో చెయ్యి తిరిగాక ఏర్ల వెంట పోవచ్చు. మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి, కారంపూడిలో నాగులేరు. పల్నాటి యుద్ధం ఈ నాగులేటి ఒడ్డునే జరిగింది. ఏటా కార్తీకంలో వీరారాధన ఉత్సవాలకు జనం కిక్కిరిసిపోతారు, మామూలు రోజుల్లో ఏరూ మీరే. ప్రకాశం వైపు గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, చందవరం బౌద్ధస్తూపం పక్కగా, అద్దంకి మీదుగా సముద్రానికి పోతుంది. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 9వ శతాబ్దిది, తరువోజ పద్యమున్న శాసనం. తెలుగు పద్యం పుట్టిన నాటికే ఇక్కడ జనం ఉన్నారు, పైరు ఉంది. ఏటి వెంట దారి మాత్రం కట్ట అంత మర్యాదగా ఉండదు. ఇసుకలో దిగి తొయ్యాలి. కాబట్టి రోజుకు తక్కువ దూరం పెట్టుకోండి.

డెల్టా వైపు ఉన్నవాళ్ళకు కొమ్మమూరు కాలువ ఉంది. 1850లలో కృష్ణకు ఆనకట్ట కట్టాక వచ్చిన కాలువల్లో ఒకటి. దుగ్గిరాల లాకుల నుంచి పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఒకప్పుడు పడవలకు తాళ్ళు కట్టి ఈ కట్టల మీద మనుషులే లాగుతూ నడిచేవాళ్ళు. ఫ్రాన్సులో గుర్రాలు చేసిన పని మన దగ్గర మనుషులు చేశారు. వాళ్ళ అడుగులతో అణిగిన బాట మీదే మీ టైరు పోతుంది.

దూరం విషయంలో ఒక్క నియమం పెట్టుకోండి. సగం అలుపు వచ్చాక వెనక్కి తిరిగితే ఆలస్యమైనట్టే. మూడో వంతు అలుపుకు తిరగండి. పోయేటప్పుడు గాలి వీపున ఉంటే మీకు తెలియదు, మీ కాళ్ళ బలమే అనుకుంటారు. తిరిగినప్పుడు తెలుస్తుంది. మిరప కోతల నాటి పొద్దున గాలి చల్లగా, మంచు పట్టి ఉంటుంది, తొమ్మిదికల్లా ఎండ కరుస్తుంది. ఏప్రిల్ నుంచి పడమటి వడగాలి, అప్పుడు సైకిల్ అటకెక్కించినా తప్పులేదు. ఆగస్టు నుంచి కాలువలో నీళ్ళు, కట్ట మీద పచ్చిక. అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం, తుపాను రోజులు తప్పించి. ఆడపిల్లలు, ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఏ ఊరి కట్ట ఎక్కి ఏ ఊరి కట్ట దిగుతారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. మగవాళ్ళూ చెప్పి వెళ్తే మంచిదే. ఫోన్ సిగ్నల్ పోయే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని బాగుచేయించమని నేనైతే కోరను.

కాలువ గుంటూరు సీమ దాటి ప్రకాశంలో అడుగుపెట్టే చోటుకు 85/3 అని పేరు. 85వ మైలు దాటి మూడో ఫర్లాంగు. దేశం కిలోమీటర్లకు మారి అరవై ఏళ్ళు దాటినా కాలువ ఇంకా మైళ్ళలోనే మాట్లాడుతుంది. అక్కడికి ఎన్ని క్యూసెక్కులు చేరాయన్నది పంట కాలంలో ప్రకాశం పేపర్లకు వార్త. పై వాళ్ళు ఎక్కువ వాడేస్తే కింది వాళ్ళకు అందదు. అందుకే వారబందీ, వంతులవారీగా వదలడం. మీకు తెలిసిన వేగంతో పోవడం నేర్చుకున్నాక, మీ వంతు వచ్చేదాకా ఆగడం అంత కష్టమనిపించదు. నాకు ఇంకా అనిపిస్తుంది, అది వేరే మాట.

పోయిన జనవరిలో ఆ చుట్టుపక్కలే ఒక లస్కరు కలిశాడు. ఆయనదీ సైకిలే. వెనక కారియర్‌కు పార కట్టి ఉంది, హ్యాండిల్‌కు సద్దిడబ్బా వేలాడుతోంది. కొంతదూరం కలిసి తొక్కాం. ఆయన ఎంత నిదానమంటే, పక్కన పోవడానికి నేను బ్రేకు మీద చెయ్యి వేసి ఉంచాల్సి వచ్చింది. నా 13 కిలోమీటర్లు ఆయన ముందు పరుగులా ఉంది. రెండుసార్లు ముందుకు పోయి ఆగాను. మూడోసారి ఆగితే ఆయన నవ్వాడు.

"నువ్వు పోరాదా అబ్బయ్యా. నేను గండ్లు చూసుకుంటా రావాల."

నేను పోయాను. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన సైకిల్ స్టాండు వేసి, కట్ట అంచున చెమ్మగా ఉన్న చోట కాలితో నొక్కి చూస్తున్నాడు. తర్వాత పార విప్పుకున్నాడు.